మీకు తెలుసా? వీధి చివర టిఫిన్ హోటల్ సంగతులు

తెల్లారి ఆరు కొట్టకముందే షట్టర్ లేచే చిన్న శాకాహార హోటళ్లు మన ఊళ్లన్నిటా ఉన్నాయి. ఇడ్లీ, వడ, దోశ, పూరీ, ఉప్మా, కాఫీ. వీటికి టీవీ ప్రకటనలుండవు, ఊరూరా బ్రాంచీలుండవు. గల్లాపెట్టె దగ్గర యజమానే కూర్చుంటాడు. ఎవరు కారం ఎక్కువడుగుతారో, ఎవరికి చక్కెర లేని కాఫీ కావాలో సప్లయర్‌కి నోటికొచ్చు. మాంసం తినేవాళ్లూ తిననివాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినిపోతారు. ఆ ప్లేటు వెనక బోలెడు చరిత్ర ఉంది, సైన్సుంది, కొంత పోరాటమూ ఉంది. ఈసారి ఆ సంగతులే.

ఒక్క రూకకు నిండు భోజనం

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు తెలుగువాళ్లకు కొత్తది కాదు. సుమారు 600 ఏళ్ల కిందటి 'క్రీడాభిరామం' కాకతీయుల ఓరుగల్లును మనకు వీధి వీధీ తిప్పి చూపిస్తుంది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఊరు తిరుగుతుంటారు. అందులో ఒక పూటకూటింటి భోజనం వర్ణన ఉంది. సన్నబియ్యపన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ధర ఒక రూక. చెయ్యి తిరిగిన ఏ మెస్సు యజమాని అయినా ఈ పట్టీని ఇవాళ కూడా గర్వంగా బోర్డు మీద రాసుకోవచ్చు.

ఆ విస్తట్లో లేనివి చూస్తే మరింత ఆశ్చర్యం. మిరపకాయ లేదు, ఉండే వీలూ లేదు. మిరప, వేరుశెనగ, టమాటా, బంగాళాదుంప నాలుగూ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసు ఓడలు మన తీరాలకు రావడం మొదలయ్యాకే అవి ఒక్కొక్కటిగా ఇక్కడ దిగాయి. అంటే ఇడ్లీ పక్కన పల్లీ చట్నీ, కారప్పొడి, మసాలా దోశ లోపలి దుంపకూర, ఇవేవీ ఓరుగల్లు పూటకూటింట్లో ఎవరూ రుచి చూసినవి కావు. అనాదిగా వస్తున్నదని మనం అనుకునే టిఫిన్ ప్లేటులో సగం సముద్రం దాటి వచ్చింది.

ఈ పూటకూళ్ల వ్యాపారాన్ని చాలాచోట్ల ఆడవాళ్లు, ముఖ్యంగా భర్త పోయి వేరే ఆధారం లేనివాళ్లు నడిపారు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ పాత్ర అందరికీ గుర్తే. మన హోటళ్ల చరిత్ర ఎవరైనా రాస్తే మొదటి అధ్యాయం ఆమెకే దక్కాలి.

బియ్యం లేని ఇడ్లీ

920 నాటి కన్నడ గ్రంథం 'వడ్డారాధనె'లో ఇడ్లీ లాంటి వంటకం ప్రస్తావన ఉంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం'లోనూ ఉంది. ఈ పాత ఇడ్లీలు మినుములతోనే చేసేవారనీ, బియ్యం కలపడం, రాత్రంతా పులియబెట్టడం వాటిలో కనిపించవనీ ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య గుర్తించారు. మనకు తెలిసిన మెత్తని ఇడ్లీ ఆ తర్వాతి కాలపు పనితనం.

రాత్రంతా పనిచేసే కంటికి కనపడని వంటవాళ్లు

టిఫిన్ హోటల్లో అసలు వంట రాత్రిపూట, దీపాలార్పేశాక జరుగుతుంది. రుబ్బిన పిండిలో ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బ్యాక్టీరియా పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండి పొంగేది అందుకే. దానితో పాటు లాక్టిక్ ఆమ్లం తయారై సన్నని పులుపు వస్తుంది. ఈస్ట్, సోడా అక్కర్లేదు. ఈ బ్యాక్టీరియా బయటినుంచి తెచ్చి వేసేదీ కాదు, ప్రధానంగా మినుముల్లోనే ఉంటుంది. పిండిని చేత్తో కలిపితేనే పులుస్తుందని ఇళ్లలో గట్టిగా నమ్ముతారు. చేతి వెచ్చదనం కాస్త సాయపడుతుందేమో కానీ, పని మొదలుపెట్టేది మాత్రం పప్పే.

మరి పొంగిన గాలి బయటికి పోకుండా పిండిలో ఎలా నిలుస్తుంది? ఆ గొప్ప కూడా మినుములదే. వాటిలోని ఒక రకం ప్రొటీన్, జిగటగా ఉండే ఒక పిండిపదార్థం కలిసి గాలి బుడగల చుట్టూ పొరలా పట్టుకుంటాయి. కందిపప్పుతో, శనగపప్పుతో ఇడ్లీ వేసి చూసినవాళ్లకు తేడా తెలుస్తుంది. పప్పు పాతబడితే ఆ పట్టు తగ్గుతుంది. అందుకే అనుభవమున్న హోటల్ యజమాని మినప్పప్పు కొనేటప్పుడు ధర కంటే ముందు పప్పు కొత్తదా పాతదా అని అడుగుతాడు.

తమిళనాడులో ఉప్పుడు బియ్యం నానబెట్టి రుబ్బుతారు. మన దగ్గర ఎక్కువగా ఇడ్లీ రవ్వ కలుపుతాం. తమిళ ఇడ్లీ నున్నగా, మన ఇడ్లీ కాస్త పలుకుగా ఉండటానికి కారణం ఇదే. రెండిట్లో ఏది గొప్పదన్న వాదనకు నేను దిగను కానీ, అల్లం పచ్చడి పట్టేది మాత్రం పలుకున్న ఇడ్లీకే.

చలికాలంలో పులియడం నెమ్మదిస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఎనిమిది పది గంటల్లో అయ్యే పని చలిరాత్రి పన్నెండు గంటలు దాటొచ్చు. డిసెంబరులో మీ వీధి హోటల్లో ఇడ్లీ ఒకరోజు గట్టిగా వస్తే వంటమాస్టారిని ఏమీ అనకండి, ఆ తప్పు చలిది.

రుబ్బురోలును తిప్పిన కోయంబత్తూరు

ఈ హోటళ్లు లేచి నిలబడటానికి కారణమైన యంత్రం వెట్ గ్రైండర్. దాన్ని 1955లో కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి తయారుచేశారు. అంతకుముందు పెద్ద హోటళ్లలో రుబ్బురోళ్ల దగ్గర రాత్రిళ్లు మనుషులు చేతులు పడిపోయేలా తిప్పేవారు. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, రాయి నెమ్మదిగా తిరిగి చల్లగా ఉంచుతుంది. పప్పు నురగలా లేవడం రాతి మీదే బాగా కుదురుతుంది. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పులియబెట్టని అట్టు, వండని ఉప్మా

పెసరట్టుకు రాత్రంతా ఎదురుచూడాల్సిన పనిలేదు. పొట్టుపెసలు నానితే చాలు. అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి వెంటనే పెనం మీద పోసుకోవచ్చు. దోశకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. బియ్యం దాదాపు లేకుండా పప్పే అట్టు అవుతుంది కాబట్టి ప్రొటీన్ కూడా ఎక్కువ. శాకాహారులకు ప్రొటీన్ ఎక్కణ్నుంచి వస్తుందని అడిగేవాళ్లకు గోదావరి జిల్లాలు ఏనాడో జవాబు చెప్పాయి. లోపల ఉప్మా పెట్టి మడిస్తే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు.

రాయలసీమలో పొద్దున పూట చిన్న హోటళ్ల దగ్గర గుంపు కనిపిస్తే ఉగ్గాని ఉన్నట్టే. బొరుగుల్ని నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో వేసి పుట్నాలపొడి చల్లుతారు. బొరుగులు ముందే వేగినవి కాబట్టి పొయ్యి మీద ఉండేది కాసేపే. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. కర్నూలు, అనంతపురం నుంచి బళ్లారి దాకా ఇదే జోడీ. హైదరాబాద్‌లో ఉగ్గాని పెట్టే చోట్లు ఇంకా తక్కువే. అవి పెరగాలని నా కోరిక.

బజ్జీ అన్నాం కాబట్టి నూనె గురించి ఒక మాట. వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో 'పోలార్ కాంపౌండ్స్' అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన. నూనె నల్లబడి, చిక్కబడి, తక్కువ వేడికే పొగ వస్తుంటే ఆ బాండీ దగ్గర్నుంచి జరిగిపోవడం మంచిది.

పనసాకు బుట్టలో ఇడ్లీ

కోనసీమలో అంబాజీపేట పొట్టిక్కలు ప్రసిద్ధి. నాలుగు పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. పచ్చడి లేకపోయినా తినబుద్ధవుతుంది. రుచి సంగతి అలా ఉంచినా, వాడి పారేసిన బుట్టను మేక తినేస్తుంది, మిగిలింది మట్టిలో కలుస్తుంది.

ఇప్పుడు ఇంకో సంగతి. 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం హోటళ్లలో ఇడ్లీలు ఉడికించడానికి ప్లాస్టిక్ షీట్లు వాడకూడదని నిషేధించింది. ఇడ్లీ గిన్నెలో తడిగుడ్డ పరిచే పాత పద్ధతి మానేసి కొన్నిచోట్ల పల్చటి ప్లాస్టిక్ పరుస్తున్నారని తనిఖీల్లో తేలింది. ఉడుకుతున్న ఆవిరికి ప్లాస్టిక్‌లోని హానికర రసాయనాలు పిండిలోకి దిగుతాయి. గుడ్డ ఉతకాలి, ఎండబెట్టాలి. ప్లాస్టిక్ అయితే తీసి పారేస్తే సరి. ఆదా అయ్యేది ఒక మనిషి గంట పని, నష్టం తినేవాళ్లందరిదీ. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవడం మనమూ మానుకోవాలి. ఇంటి నుంచి గిన్నె తీసుకెళితే ఏ చిన్న హోటలూ కాదనదు, చాలాచోట్ల రెండు గరిటెలు ఎక్కువే పోస్తారు.

పెనం మీద నీళ్లు ఎందుకు చల్లుతారు?

దోశ మాస్టరు అట్టుకీ అట్టుకీ మధ్య పెనం మీద నీళ్లు చల్లి పుల్లచీపురుతో తుడుస్తాడు. అది శుభ్రం కోసమేనని చాలామంది అనుకుంటారు. అసలు పని వేడి దించడం. పెనం మరీ కాలితే పిండి పోసిన చోటే గట్టిపడి గరిటెకు అంటుకుని లేచొస్తుంది, పల్చగా తిరగదు. నీళ్లు చల్లగానే చుక్కలు గోళీల్లా పరుగెడితే పెనం బాగా కాలిందని గుర్తు. చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తడం వల్ల అలా జరుగుతుంది. థర్మామీటరు లేకుండా ఆ చుక్కల నడక చూసే మాస్టరు వేడి చెప్పగలడు.

యుద్ధం వండిన రవ్వ ఇడ్లీ

బెంగళూరు లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్. హోటల్ 1924లో ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరుల చేతుల మీదుగా మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కింది. అక్కణ్నుంచి రావాల్సిన బియ్యం ఆగిపోయింది. దక్షిణాదిలో బియ్యానికి కటకట వచ్చింది. ఇడ్లీ హోటల్‌కు బియ్యం లేకపోతే ఎలా? గోధుమరవ్వను వేయించి, పెరుగు కలిపి, పోపు వేసి ఆవిరి మీద ఉడికించారు. రవ్వ ఇడ్లీ అలా తమ వంటింట్లోనే పుట్టిందని ఎం.టి.ఆర్. వాళ్లు చెప్తారు. ఇవాళ మన పెళ్లిళ్ల టిఫిన్లలో కూడా అది కనిపిస్తుంది.

ఆ హోటల్‌ను పెంచిన యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరప్ వెళ్లి అక్కడి హోటళ్ల శుభ్రత చూసొచ్చారు. తర్వాత గిన్నెల్ని ఆవిరిలో శుద్ధి చేయించడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు వంటగది చూస్తూ లోపలికి వెళ్లే ఏర్పాటూ చేశారు. 'లోపలికి ప్రవేశం లేదు' అని వంటగది తలుపుకు బోర్డు వేలాడే రోజుల్లో అదొక సాహసం.

ఎమర్జెన్సీ కాలంలో ప్రభుత్వం హోటల్ తిండి ధరల్ని బాగా తగ్గించి కట్టడి చేసింది. నాణ్యత తగ్గించడం ఇష్టంలేక ఎం.టి.ఆర్. హోటల్ మూసేసింది. పనివాళ్లను ఊరికే పంపెయ్యకుండా ఇడ్లీ పిండి, మసాలా పొడుల పొట్లాలు కట్టించి అమ్మారు. రెడీమిక్స్ ప్యాకెట్ల వ్యాపారం అక్కడ ఊపందుకుంది. హోటల్ తర్వాత మళ్లీ తెరుచుకుంది. మన వంటింటి అరల్లోని గులాబ్‌జామూన్ మిక్స్ వెనక ఒక మూతపడిన హోటల్ కథ ఉంది.

నాలుగు వంటకాలు చాలు

బెంగళూరు శంకరపురంలో 1965 నుంచి నడుస్తున్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో దొరికేవి ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, వాటితో కాఫీ, టీ. సాంబారు పెట్టరు. చట్నీ మాత్రం అడిగినంత పోస్తారు. గాంధీబజారులోని విద్యార్థి భవన్ 1943లో చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం మొదలైంది. అక్కడ సప్లయర్లు ఒక చేతి మీద డజనుకు పైగా దోశ ప్లేట్లు దొంతరగా పేర్చుకుని బల్లల మధ్య నడిచొస్తారు. శుక్రవారం సెలవు. ఎంత గిరాకీ ఉన్నా ఆ రోజు తలుపు తీయరు.

విజయవాడ గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఇడ్లీ మీద వెన్నముద్ద, కారప్పొడి. 1940ల నుంచి ఆ ఇడ్లీయే ఆ హోటల్‌ను నిలబెట్టింది. 1992లో జంధ్యాల అదే పేరుతో సినిమా కూడా తీశారు. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్‌ది శాకాహార భోజనం. విస్తట్లో చోటు లేదని మీరన్నా వడ్డించేవాళ్లు వినరు. గుంటూరులో శంకర్ విలాస్ సెంటర్ అంటే ఆటోవాళ్లకు వేరే గుర్తు చెప్పక్కర్లేదు. హోటల్ పేరే కూడలి పేరైంది, ఆ తర్వాత వంతెన పేరూ అయింది. విగ్రహం పెట్టకుండా, జీవో ఇవ్వకుండా జనం నోటితో జరిగిన నామకరణం అది.

నా లెక్కలో ఇడ్లీ, దోశల పక్కన నూడుల్స్, మంచూరియా, పిజ్జా చేర్చిన రోజే చిన్న హోటల్‌కు కష్టకాలం మొదలవుతుంది. వంటకాలు తక్కువుంటే సరుకు రోజూ ఖాళీ అవుతుంది, మిగిలింది ఫ్రిజ్‌లో దాచే పని ఉండదు. మాస్టరు చెయ్యి కూడా ఒక్క పని మీదే తిరుగుతుంది. జనం మళ్లీ మళ్లీ వచ్చేది ఆ చేతి కోసమే.

ఉల్లి లేని సాంబారుకు అఫ్గాన్ సాయం

'ఉడుపి హోటల్' బోర్డు లేని పెద్ద ఊరు దక్షిణాదిలో అరుదు. ఉడుపి శ్రీకృష్ణ మఠం పరిసరాల్లో వంటలో చెయ్యి తిరిగిన కుటుంబాలవాళ్లు బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు, బొంబాయి, హైదరాబాద్ చేరారు. కె. కృష్ణారావు మద్రాసులో మొదట చిన్న హోటల్ పెట్టి, 1938లో రాయపేటలో వుడ్‌ల్యాండ్స్ తెరిచారు. 1962లో వచ్చిన వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్‌లో చెట్ల కింద కారు ఆపుకుని అందులోనే దోశ తినేవారు. 2008లో అది మూతపడింది. ఇప్పుడా స్థలంలో సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం ఉంది. ముంబై మాటుంగాలో 1942 నాటి రామనాయక్ ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగ్‌లో అరటాకు భోజనం ఇప్పటికీ నడుస్తోంది.

మఠం వంటల్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. వాటి లోటు తీర్చేది ఇంగువ. అఫ్గానిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు అది. ప్రపంచంలో ఎవరికంటే ఎక్కువగా ఇంగువ వాడేది మనమే అయినా, పంట మాత్రం 2020 దాకా మన దగ్గర లేదు. 2020 అక్టోబరు 15న హిమాచల్‌లోని లాహౌల్ లోయలో క్వారింగ్ గ్రామంలో పాలంపూర్ శాస్త్రవేత్తలు దేశంలో తొలి ఇంగువ మొక్క నాటారు. మొక్క ఎదిగి జిగురు ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది.

గోధుమ పడనివాళ్లు ఒకటి గమనించాలి. ఇడ్లీ, దోశల్లో గోధుమ లేదని నిశ్చింతగా తింటారు. కానీ బజారులో దొరికే ఇంగువ పొడిలో స్వచ్ఛమైన జిగురు కొంచెమే, మిగతాది ఎక్కువగా మైదా. సాంబారులో పడే చిటికెడైనా వాళ్లకు లెక్కలోకి వస్తుంది. అడగడం మొహమాటమనుకోకండి. చిన్న హోటల్లో యజమాని ఎదురుగానే ఉంటాడు, డబ్బా తీసి చూపిస్తాడు.

ఆ తలుపులు అందరికీ తెరిచి లేవు

ఈ హోటళ్లను ప్రేమించేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ఒకప్పుడు దక్షిణాది కాఫీ హోటళ్ల ముందు 'బ్రాహ్మణులకు మాత్రమే' అనే బోర్డులుండేవి. కొన్నిచోట్ల లోపల వేరే గది, వేరే గిన్నెలు. రైల్వే స్టేషన్ల భోజనశాలల్లోనూ ఇదే విభజన నడిచింది. ఊళ్లలో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి తెలుగునేల మీద ఎంతకాలం సాగిందో పెద్దవాళ్లకు తెలుసు. దళితుడికి వేరే గ్లాసు, తాగి తనే కడిగి పెట్టాలి. శాకాహారం అనే మాటను శుభ్రతకు కాక కులానికి గుర్తుగా వాడిన కాలమది.

1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయాలని ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ అనుచరులు నెలల తరబడి రోజూ ఆందోళన చేశారు. వందలమంది అరెస్టయ్యారు. చివరికి ఆ మాట పోయింది.

అప్పటికే చట్టం వాళ్ల పక్షాన ఉంది. రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, భోజనశాలల్లోకి వెళ్లకుండా మతం, కులం, లింగం, పుట్టినచోటు పేరు చెప్పి ఎవర్నీ ఆపకూడదంటుంది. దేశపు మూల శాసనంలో హోటల్ ప్రస్తావన ఉందని చాలామందికి తెలియదు. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. హోటల్లోకి రానివ్వకపోవడమే కాదు, అక్కడి గిన్నెలూ గ్లాసులూ వాడనివ్వకపోవడం కూడా అంటరానితనం కింద నేరమని విడిగా రాశారు. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. గ్లాసు అన్న చిన్న వస్తువు దాకా చట్టం రావలసి వచ్చిందంటే ఆ గ్లాసు ఎంతమందిని అవమానించిందో అర్థమవుతుంది.

స్టీలు గ్లాసులన్నీ ఒకే టబ్బులో కడిగే ఇవాళ్టి టిఫిన్ సెంటర్ నాకు ఇష్టం కావడానికి రుచి ఒక్కటే కారణం కాదు.

ఉద్యోగం పోయినవాళ్లు పెట్టుకున్న కాఫీ హౌస్

కాఫీ బోర్డు 1950ల్లో తన కాఫీ హౌస్‌లు మూసేయడం మొదలుపెట్టింది. రోడ్డున పడ్డ కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957 ఆగస్టులో బెంగళూరులో మొదటి సంఘం, అక్టోబరులో ఢిల్లీలో కొత్త ఇండియన్ కాఫీ హౌస్ వచ్చాయి. వడ్డించేవాళ్లే యజమానులు. తిరువనంతపురం తంపానూరులోని కాఫీ హౌస్‌ను వాస్తుశిల్పి లారీ బేకర్ ఎర్రటి గుండ్రని బురుజులా కట్టారు. లోపల అంతస్తులుండవు, బల్లలన్నీ మెలితిరుగుతూ పైకెళ్లే ఏటవాలు దారి వెంబడే ఉంటాయి. కేరళ కాఫీ హౌస్‌లలో మసాలా దోశ కోస్తే లోపల బీట్‌రూట్ ఎర్రదనం కనిపిస్తుంది.

ఫిల్టర్ కాఫీ పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ శాతం చూడండి. అది ఒక మొక్క వేరు, కాఫీ గింజ కాదు. కెఫీన్ ఉండదు, చిక్కదనం, కాస్త చేదు ఇస్తుంది. చికోరీ 49 శాతం మించకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాసి తీరాలి.

లండన్‌లో గాంధీకి దొరికిన భోజనం

1888లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్లిన గాంధీ, మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చారు. ఉన్న ఇంట్లో పెట్టే ఉడకబెట్టిన కూరలతో కడుపు నిండేది కాదు. రోజూ మైళ్ల కొద్దీ నడుస్తూ వెతగ్గా వెతగ్గా ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటల్ కనిపించింది. లోపలికి వెళ్లబోతూ, కిటికీలో అమ్మకానికి పెట్టిన శాకాహారం మీద హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం ఒక షిల్లింగు పెట్టి కొన్నారు. ఇంగ్లండ్ చేరాక కడుపునిండా తిన్న మొదటి భోజనం అదేనని ఆత్మకథలో రాసుకున్నారు. అప్పటిదాకా తల్లికిచ్చిన మాట కోసం శాకాహారిగా ఉన్నవారు, ఆ పుస్తకం చదివాక తన ఇష్టంతో శాకాహారి అయ్యారు.

జ్యూరిక్‌లోని హిల్ట్ల్ అనే శాకాహార హోటల్ 1898 నుంచి నడుస్తోంది. మూతపడకుండా సాగుతున్న శాకాహార భోజనశాలల్లో ప్రపంచంలోకెల్లా పాతదిగా గిన్నిస్ గుర్తించింది. అంబ్రోసియస్ హిల్ట్ల్ అనే దర్జీ, కీళ్లనొప్పులకు డాక్టరు మాంసం మానమంటే అక్కడ తినడం మొదలుపెట్టి, 1904లో ఆ హోటల్‌నే తీసుకున్నాడు. 1950ల్లో ఆ ఇంటి కోడలు భారతదేశం వచ్చి మన మసాలాలు, వంటకాలు తీసుకెళ్లింది. సింగపూర్ సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి కోమల విలాస్ దోశలు పోస్తోంది. న్యూయార్క్ వాషింగ్టన్ స్క్వేర్ పార్కు దగ్గర జాఫ్నా నుంచి వెళ్లిన తిరు కుమార్ 2001లో తోపుడుబండి మీద వీగన్ దోశలు మొదలుపెట్టి, 2007లో ఆ నగరపు వీధి వంటవాళ్ల పోటీలో వెండీ అవార్డు గెలిచారు. నెయ్యి, పెరుగు లేకుండా చేయడానికి ఆయన కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. నూనెతో కాల్చిన దోశ, సాంబారు, కొబ్బరి చట్నీ మొదట్నుంచీ అంతే.

బిల్లు మీద ఒక కన్ను

హోటల్లో తింటే అన్నిచోట్లా జీఎస్టీ కట్టాలనుకుంటారు. కాదు. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న హోటల్ అసలు నమోదే కానక్కర్లేదు. కోటిన్నర దాకా అమ్మకాలున్నవాళ్లు కాంపొజిషన్ పథకం ఎంచుకుంటే, అమ్మకాల మీద 5 శాతం తమ జేబులోంచి కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు. తాము ఆ పథకంలో ఉన్నామని కనపడేచోట బోర్డు పెట్టాలి, బిల్లు మీదా రాయాలి. ఆ బోర్డు ఉండి కూడా బిల్లులో జీఎస్టీ వేస్తే అడిగే హక్కు మీకుంది. సర్వీస్ ఛార్జి కూడా అంతే. బిల్లులో దానంతటది చేరకూడదని 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

ఇక ప్లేటు మీద అయిదు రూపాయలు ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే వంటగది వెనక చూడండి. ఇంట్లో వాడే ఎర్రరంగు 14.2 కిలోల సిలిండర్ హోటల్లో వాడటం నేరం. హోటల్‌కు 19 కిలోల వాణిజ్య సిలిండరే కావాలి. దాని ధర సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది, రాయితీ ఉండదు. గ్యాసూ మినప్పప్పూ నూనే ఒకే నెలలో పెరిగితే, వందల బ్రాంచీలున్న సంస్థలు ముందే బేరం కుదుర్చుకున్న సరుకుతో నెట్టుకొస్తాయి. రోజుకు రెండు సిలిండర్లతో నడిచే మన వీధి హోటల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆ అయిదు రూపాయలు గొణగకుండా ఇచ్చేద్దాం.